దొర మంచం వయసెంత, ఖరీదెంత?

ఏర్గట్లలో మా ఇంట్లో ఒక టేకు మంచం ఉంది. వాడకట్టులో అందరూ దాన్ని 'దొర మంచం' అంటారు. మా తాత జీతం ఉన్న గడీలోది అది. గడీ మా ఊర్లో కాదు, పక్క ఊర్లో. ఆ ఊరి పేరు రాయను, ఆ ఇంటి మనవలు ఇప్పుడు నా పోస్టులు చదువుతున్నారు. మంచం రెండొందల ఏండ్ల నాటిదని మా నాయినమ్మ చెప్పేది. హాస్టల్లో నా దోస్తులకు నేనూ అదే చెప్పాను.

పోయిన ఎండాకాలం హైదరాబాద్ నుంచి పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చాడు. మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, తలాపు చెక్కను వేలితో తట్టి, "పదిహేను వేలు" అన్నాడు. బాపు నా మొహం చూశాడు. చదువుకున్నవాణ్ని కదా, అది ఎక్కువో తక్కువో చెప్తానని. నాకు చట్టాల నంబర్లు తెలుసు, చరిత్ర తేదీలు తెలుసు. కర్ర సంగతి ఏమీ తెలియదు. వారం ఆగమని చెప్పి పంపించాం.

మా ఊరి వడ్ల తాతను పిలుచుకొచ్చాను. ఎనభై దాటిన మనిషి. బాడిశ, రందా పట్టిన చేతులు ఇప్పుడు వణుకుతాయి గానీ కన్ను మాత్రం తప్పదు. ఆయన మంచం పైభాగం చూడనే లేదు. "బోర్లెయ్యి బిడ్డా" అన్నాడు.

పాత సామాను వయసు దాని మొహం మీద ఉండదు. మొహానికి ఎవరైనా పాలిష్ పెడతారు. కింది పక్కను ఎవరూ పట్టించుకోరు కాబట్టి చేసిన రోజు ఎట్లుందో అట్లనే ఉంటుంది. మా మంచం పట్టెల అడుగున రంపం గీతలు ఉన్నాయి. వంకరటింకరగా, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా. అంటే ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి కోసిన చెక్క. మిల్లులో గుండ్రటి రంపం కోస్తే గీతలు విల్లులా వంగుతాయి, వాటి మధ్య ఎడం ఒకే తీరుగా ఉంటుంది. చేతికోత అయితే పాతదే అని వెంటనే సంబరపడొద్దు. పల్లెల్లో చేతికోత చాలా కాలం నడిచింది.

తర్వాత మేకులు చూశాడు. కమ్మరి కొట్టిన మేకు నలుచదరంగా ఉండి కొసకు సన్నబడుతుంది. తీగతో మిషన్ మీద చేసిన గుండ్రటి మేకు 1890ల నుంచి లోకమంతా పాకింది. మా మంచం తలాపుకు ఉన్నవి గుండ్రటి మేకులే. నాయినమ్మ చెప్పిన రెండొందల ఏండ్లు అక్కడే కూలిపోయాయి. ఇక స్క్రూలు. తల మీద ఒకటే గీత ఉన్నవి పాత రకం. ప్లస్ గుర్తు ఉన్నవి 1930ల్లో అమెరికాలో పుట్టి, తర్వాతెప్పుడో మన దాకా వచ్చాయి. మావి ఒంటిగీతవే. తలాపు చెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు, నడుమ సగం సూర్యుడి కిరణాలు ఉన్నాయి. 1925లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనతో పేరుకెక్కిన తీరు ఇది. సినిమా హాళ్ల ముఖద్వారాల మీద, బొంబాయి మేడల మీద మీరు చూసే ఉంటారు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు, హైదరాబాద్ నుంచి గడీలకు రావాలంటే కొన్నేండ్లు పడుతుంది. అన్నీ కలిపి చూస్తే 1930కి ముందుది కాదు, 1950 తర్వాతిది కాదు.

నాకు కొంచెం బాధేసింది, అబద్ధమాడను. కానీ ఎనభై తొంభై ఏండ్ల వస్తువును రెండొందలు చేసి చెప్పుకోవాల్సిన అవసరం మనకేముంది? వంశవృక్షాలను సాగదీసే పని గడీలోళ్లకు ఉంది. మన దగ్గరున్నది నిన్నమొన్నటి చరిత్రే, అదే చాలినంత బరువుంది. చట్టం లెక్కలో కూడా ఇది పురావస్తువు కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అందుకు కనీసం వందేండ్లు నిండాలి. అటువంటిదాన్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. వ్యాపారులు ప్రతిదాన్నీ 'యాంటిక్' అంటారు, అది అమ్మకం మాట.

ఇంకో మోసం చెప్పాడు తాత. పాత ఇండ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు కొని వాటితో ఇవాళ మంచం చేస్తారు. కర్ర నిజంగానే వందేండ్లది, మంచం మొన్నటిది. పట్టుకోవడం ఎట్లా అంటే, ఏ అతుకుకూ సంబంధం లేని పాత మేకు బెజ్జాలు కనిపిస్తాయి. కొత్తగా కోసిన అంచు తేట రంగులో ఉంటుంది, లేదా ఆ తేట కనబడకుండా రంగు పూస్తారు. లక్కతో చేసిన పాత పాలిష్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో మరుగు చోట తుడిస్తే దూదికి అంటుకుంటుంది, ఇప్పటి ప్లాస్టిక్ పాలిష్ అంటుకోదు. కర్ర మీద అంకెలుంటే కూడా తొందరపడొద్దు. '1345' అని కనిపిస్తే అది కాకతీయుల తర్వాతి కాలం కాదు, నిజాం రాజ్యంలో నడిచిన ఫసలీ. 590 కలపండి, 1935 వస్తుంది.

కోళ్లకూ పట్టెలకూ కలిసే చోట ఉలితో కొట్టిన నాట్లు ఉన్నాయి. ఒక కోడుకు ఒక నాటు, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు. ఏ కుసి ఏ బెజ్జంలోకి పోవాలో చేసినాయన తనకు తాను పెట్టుకున్న గుర్తులు. నాలుగో కోడుకు ఏ గుర్తూ లేదు. అది టేకు కూడా కాదు, తుమ్మ. తాత దాన్ని చేత్తో నిమిరి, "గిది నేనేసిందే" అన్నాడు.

ఆ మంచం మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మాకు అవి పొరుగే. దొరలు ఒక్కొక్కరే పట్నాలకు తరలిపోయారు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో కేంద్రం చట్టం తెచ్చినా మా తాతకు రావాల్సిన జీతం బాకీ అట్లనే ఉంది. సామాను సర్దుకునే రోజు దొర పైసలు లేవన్నాడట. మంచం తీసుకపొమ్మన్నాడట. ఒక్క షరతు పెట్టాడు: "పగటీలి వద్దు, పొద్దుగూకినంక తీస్కపో." దొర పడుకున్న మంచం మాదిగోడి నెత్తి మీద పోవడం ఊరు చూడొద్దు. నలుగురు మోసుకొస్తుంటే చీకట్లో ఒర్రె దగ్గర జారి ఒక కోడు విరిగింది. దాని బదులే ఈ తుమ్మకోడు.

దొర ఎదురొస్తే మా తాత తన వాకిట్లో తన నులక మంచం మీది నుంచి కూడా లేచి నిలబడేవాడు. అట్లాంటి మనిషికి ఇరవై ఏండ్ల జీతం కింద వచ్చింది మంచం. ఆయన ఒక్క రాత్రి కూడా దాని మీద పడుకోలేదని బాపు చెప్తాడు. నాయినమ్మ దాని మీద పసుపు సంచులు పెట్టేది.

వ్యాపారి 'మరక' అని ధర తగ్గించింది ఆ పసుపుకే. పైన ఎప్పుడో వెలిసిపోయింది, ఎండకూ వెలుతురుకూ పసుపు రంగు నిలవదు. బెజ్జాల్లో, పట్టెల సందుల్లో మాత్రం ఇంకా పచ్చగా ఉంది. వడ్ల తాత తన తంబాకు డబ్బీలోంచి ఇంత సున్నం తీసి రాశాడు. ఎర్రబడింది. "పసుపే బిడ్డా, రంగు గాదు."

ఇటువంటివి చేసినందుకు తన తండ్రికి గడీలో ఏమిచ్చారని అడిగాను. కూలి లేదు, పనున్న దినాలు ఒక పూట బువ్వ, అన్నాడు. ఆ బువ్వ గడీ వసారాలో పెట్టేవారు. మా తాతకు గోడ బయట. వెట్టి ఇద్దరిదీ, కూర్చున్న చోటు వేరు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతకు నేను ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ చూడలేదు. ఆ టేకు ఎవరి అడవిదో కూడా అడగాలి. అడవిని సర్కారు గిరి గీసి పెట్టుకుంటే గోండులు పోడు భూమి కోసం కొట్లాడారు, 1940లో కొమురం భీమ్ జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. అవే ఏండ్లలో గడీలకు టేకు మంచాలకు కొదవ లేదు. దొర బిడ్డ అత్తగారింటికి పోతే మంచం, బీరువాతో పాటు ఆడబాపలనూ పంపేవారు. సామానుతో పాటు మనుషులను. అటువంటి మంచం దేనికి సాక్షో నేను విడమరచి రాయనక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి ఒకసారి పోండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు భవనం ఒక పక్క పొడవునా రెండంతస్తులుగా ఉంటాయి. చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంటుంది. బీరువాల పొడవు అందరూ చెప్తారు. ఆ లిఫ్టు తిప్పిన చేతులు ఎవరివని అడిగి చూడండి.

వారం తర్వాత వ్యాపారి మళ్లీ వచ్చాడు. నేను నేర్చుకున్నదంతా చెప్పాను. ఎంత పాతదో, ఏది మార్చిందో, మరక ఏమిటో. ఆయన మెచ్చుకున్నాడు కూడా. ధర ఇరవై రెండు వేలకు పెంచాడు. తర్వాత అసలు మాట అన్నాడు: "సార్, గడీవాళ్ల నుంచి ఒక కాయితం తెస్తే నలభై ఇస్త. ఫలానా దొరవారి మంచం అని రాస్తె చాలు."

నలభై ఐదేండ్ల నుంచి మా ఇంట్లో ఉందని కూడా అందులో రాయిస్తానన్నాను.

"అది రాయొద్దు సార్. కొనేటోళ్లు బెడ్‌రూంల పెట్టుకుంటరు."

మర్యాదగానే అన్నాడు. చాయ్ తాగుతూ, మా ఇంటి గ్లాసులోనే. వయసును కర్ర చెప్తుంది, వెలను మాత్రం కులం చెప్తుంది. పద్దెనిమిది వేలు తేడా. అప్పు ఉన్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, బాపు చాలాసేపు మాట్లాడలేదు.

మీ ఇండ్లల్లో ఇట్లాంటి పెట్టె, పీట, మంచం ఏదన్నా ఉంటే అమ్మేముందు బోర్లేసి అడుగు ఫోటో తీయండి. అది మీ ఇంటికి ఎట్లా వచ్చిందో ముసలివాళ్లను అడిగి రాసుకోండి, ఏ రోజు అడిగారో కూడా.

కాయితం మేం తేలేదు. నిజామాబాద్ నుంచి కొత్త నవారు తెచ్చి అల్లించాం. తుమ్మకోడు అట్లనే ఉంచమని వడ్ల తాతకు చెప్పాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట అవ్వ దాని మీద నడుము వాలుస్తుంది. బాపు మాత్రం ఇంకా పట్టె అంచున కూర్చుంటాడు, వెంటనే లేవడానికి వీలుగా.