భుజంలో చిరుగు - అల్ట్రాసౌండు కథ

చెయ్యి పైకి లేవకపోతే మన ఇళ్ళల్లో "నరం పట్టేసింది" అంటాం. చాలాసార్లు బాధపడేది నరం కాదు, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు. అది చిరిగిందో లేదో భుజం కొయ్యకుండా తెలుసుకోవడానికి డాక్టర్లకి చాలా ఏళ్ళే పట్టింది.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్మన్ అనే సర్జను 1909లో ఇలాంటి చిరుగుని కుట్టి, 1911లో ఆ సంగతి ప్రచురించాడు. 1934లో భుజం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కానీ ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ స్నాయువు కనపడదు. అందుకని తర్వాతి రోజుల్లో కీలులోకి సూదితో మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. మందు పైకి కారిందంటే చిరిగినట్టు. పాపం రోగి!

అల్ట్రాసౌండు వేరే దారిలో వచ్చింది. లోహాల్లో పగుళ్ళు వెతికే యంత్రాన్ని గ్లాస్గోలో ఇయాన్ డోనల్డ్ కడుపులో గడ్డలు చూడటానికి వాడి, 1958లో ఆ బొమ్మలు ప్రచురించాడు. భుజం దాకా రావడానికి మరో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. చిక్కేమిటంటే, స్నాయువు పై ఎముక కింద దాక్కుంటుంది. చెయ్యి వెనక్కి, నడుం మీదకి పెట్టిస్తే అది బయటికొస్తుందని 1980లలో క్రాస్ అనే డాక్టరు చూపించాడు. ఎంత చిన్న ఉపాయమో చూడండి!

2000లో సెయింట్ లూయిస్ డాక్టర్లు 100 భుజాలని ముందు అల్ట్రాసౌండులో, తర్వాత ఆపరేషన్లో చూశారు. పూర్తిగా చిరిగిన 65 భుజాలనీ అల్ట్రాసౌండు పట్టేసింది. బాగున్న 20 భుజాల్లో మూడింట్లో మాత్రం లేని చిరుగుని చూపించింది. 2004లో ఎమ్మారైతో పోల్చి చూస్తే రెండూ ఇంచుమించు సమానమే అని తేలింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అక్కడే 2006లో వచ్చిన లెక్క. ఒక్క భుజమే నొప్పి అని వచ్చిన 588 మందికి రెండు భుజాలూ చూస్తే, 177 మందికి రెండు వైపులా చిరుగులే! వాళ్ళ సగటు వయసు దాదాపు 68. అంటే నొప్పి లేని చిరుగులు పెద్దవాళ్ళలో మామూలే. మా నాన్నగారికి స్కానులో చిరుగు కనపడగానే ఇంట్లో అందరం ఆపరేషన్ మాటే ఎత్తాం. డాక్టరు గారు రెండో భుజం కూడా చూశారు. అక్కడా చిరుగుంది, నాన్నగారు రోజూ ఆ చేత్తోనే అటక మీది డబ్బాలు దించేవారు. ముందు వ్యాయామాలు చేయించమన్నారు.

ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట. ఆడపిల్లల్ని కడుపులోనే చంపడాన్ని ఆపటానికి 1994లో వచ్చిన చట్టం కింద అక్కడ భుజం చూసే యంత్రానికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన సెంటరుకే వెళ్ళండి.