సొమ్మసిల్లడం: ఒక వివరణ మారిన చరిత్ర

పరీక్ష కోసం రక్తం తీస్తుండగానో, ఎండలో కదలకుండా చాలాసేపు నిలబడినప్పుడో ఆరోగ్యవంతులు సైతం కళ్ళు తిరిగి పడిపోవడం మీరు చూసే ఉంటారు. సాధారణంగా వారు కొద్దిసేపటికే వాటంతటవే తేరుకుంటారు. జబ్బు లేని మనిషి స్పృహ ఎందుకు కోల్పోతాడు? ఈ ప్రశ్నకు సమాధానం ఎలా రూపొందిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

ఐరోపా వైద్యంలో నెత్తురు తీయడం శతాబ్దాలపాటు వాడుకలో ఉన్న చికిత్స. అందువల్ల సొమ్మసిల్లడం అక్కడి వైద్యులకు కొత్త కాదు. రోగి సొమ్మసిల్లితే తగినంత నెత్తురు పోయిందని భావించినవారూ ఉన్నారు. 1845లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు, వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె మందగించి ఆగిపోతుందని చూపారు. దీనితో, గుండె మందగించడమే సొమ్మసిల్లడానికి కారణమనే వివరణకు బలం చేకూరింది.

అయితే ఆ వివరణ అసంపూర్ణమని 1932లో లండన్ వైద్యుడు థామస్ లూయిస్ నిరూపించాడు. సొమ్మసిల్లిన వ్యక్తికి అట్రోపిన్ ఇస్తే నాడి వేగం పెరిగింది. కానీ రక్తపోటు మాత్రం తక్కువగానే ఉండిపోయింది. అంటే గుండెతోపాటు రక్తనాళాల పాత్ర కూడా ఉన్నదన్నమాట. 1907లో గోవర్స్ వాడిన 'వాసోవేగల్' అనే మాటను లూయిస్ ఈ అర్థంలో స్థిరపరిచాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో బార్‌క్రాఫ్ట్, ఎడ్‌హోమ్ బృందం స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి నుంచి రక్తం తీసి పరిశీలించింది. సొమ్మసిల్లే క్షణంలో ముంజేతి కండరాలలోని రక్తనాళాలు వ్యాకోచిస్తున్నాయని ఆ బృందం కనుగొన్నది.

దీని నుంచి ఆచరణకు పనికివచ్చే విషయం ఒకటి గమనించండి. రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం తగ్గినందువల్లనే మనిషి పడిపోతాడు. నేలమీద పడుకోగానే ఆ రక్తం తిరిగి అందుతుంది. మన ఊళ్ళలో పడిపోయినవారిని లేపి కూర్చోబెడతారు, చేతిలో తాళంచెవులు పెడతారు. తాళంచెవుల వల్ల ప్రయోజనం లేదు. లేపి కూర్చోబెట్టడం వల్ల హాని జరగవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచడమే సరైన పని. శ్రమ చేస్తుండగా, లేదా ఛాతీనొప్పితో పడిపోతే మాత్రం గుండెజబ్బు కావచ్చు. వెంటనే వైద్యునికి చూపించాలి.

చరిత్ర విద్యార్థిగా మీరు గ్రహించవలసినది: కంటికి ముందుగా కనిపించిన కారణమే మొత్తం కారణం కానక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లూయిస్ పరిశీలన పాత వివరణను పూర్తిగా తోసిపుచ్చిందా, సవరించిందా? కారణాలతో రాయండి.