హైదరాబాదులో సమీకృత ప్రజారవాణా కోసం ప్రయత్నాలు: చారిత్రక పరిశీలన (1932–2023)

ఉపోద్ఘాతం

హైదరాబాదులో ఎవరినైనా దారి అడిగితే, ఎన్ని కిలోమీటర్లో చెప్పేవారికన్నా ‘రెండు బస్సులు మారాలి’ అని చెప్పేవారే ఎక్కువ. ప్రయాణ భారాన్ని ఈ నగరం దూరంతో కాక మార్పులతో కొలుస్తుందని ఈ వాడుక తెలుపుతుంది. ‘మారడం’ అంటే దిగడం, నడవడం, రోడ్డు దాటడం, ఎదురుచూడడం, మళ్ళీ టికెట్టు కొనడం. ఈ ఐదు పనుల భారాన్ని తగ్గించమని అడగడమే సమీకృత ప్రజారవాణా ఉద్యమాల సారాంశం. ఈ డిమాండు మెట్రో రైలుతో పుట్టిన కొత్త నాగరిక కోరిక అనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. దాని మూలాలు 1932 నాటి పాలనా వ్యవస్థలోను, 1950–51 నాటి విభజనలోను ఉన్నాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

1. మూడు పదాలు – మూడు డిమాండ్లు

పత్రికలలోను ప్రభుత్వ ప్రకటనలలోను ఈ విషయానికి ‘అనుసంధానం’, ‘సమీకృతం’, ‘ఏకీకృతం’ అనే మూడు పదాలు ఒకదానికి బదులు ఒకటిగా కనిపిస్తాయి. చరిత్రను పరిశీలించడానికి వీటిని వేరుచేసుకోవడం అవసరం. బస్టాపును రైల్వేస్టేషనుతో నడకదారి ద్వారా కలపడం అనుసంధానం. ఇది స్థలానికి సంబంధించినది. వేళలను, చార్జీలను, టికెట్టును పొందుపరచడం సమీకరణం. ఇది సేవకు సంబంధించినది. నిర్ణయాధికారాన్ని ఒకేచోట ఉంచడం ఏకీకరణం. ఇది పాలనకు సంబంధించినది. ప్రజలు రెండవదాన్ని అడిగిన ప్రతిసారీ ప్రభుత్వాలు మొదటిదాన్ని చూపడం, మూడవదాన్ని కాగితంపై ఉంచడం హైదరాబాదు అనుభవంలో పదేపదే కనిపిస్తుంది.

2. ఒకే గొడుగు కింద: 1932–1951

నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను తన యాజమాన్యంలోకి తీసుకుంది. 1932లో ఆ రైల్వేలో భాగంగానే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం ఇదే. ఆ కాలంలో బ్రిటిషిండియాలో ప్రైవేటు మోటారు బస్సుల పోటీ వల్ల రైల్వేల ఆదాయం పడిపోతోందన్న ఆందోళన ఉండేది. రైలు–రోడ్డు పోటీపై మిచెల్–కిర్క్‌నెస్ విచారణ జరిగింది కూడా అప్పుడే. పోటీకి హైదరాబాదు సంస్థానం చూపిన పరిష్కారం రెండింటినీ ఒకే యాజమాన్యం కిందికి తేవడం.

మరుసటి సంవత్సరం, 1933 జూలై 1న, లండనులో బస్సులను, ట్రాములను, భూగర్భ రైళ్ళను కలిపిన ప్రయాణిక రవాణా మండలి ఏర్పడింది. ఈ కాలసామ్యాన్ని అతిగా చదవకూడదు. లండను మండలి వెనుక హెర్బర్ట్ మారిసన్ వంటి ప్రజాప్రతినిధుల వాదన, పార్లమెంటు చర్చ ఉన్నాయి. హైదరాబాదు ఏర్పాటు రాచరిక పరిపాలన తన ఆదాయాన్ని కాపాడుకోవడానికి చేసుకున్నది. అందులో ప్రయాణికునికి గొంతు లేదు. ఒకే యాజమాన్యం ఉన్నంత మాత్రాన ఒకే టికెట్టు ఉన్నట్టూ కాదు. అయినా బస్సును, రైలును ఒకే వ్యవస్థలోని రెండు అంగాలుగా చూసిన పాలనా దృష్టి ఈ నేలపై ఒకప్పుడు ఉండేదన్నది గమనార్హం.

3. విభజన

1950 ఏప్రిల్ 1న నిజాం రైల్వే భారత ప్రభుత్వ రైల్వేలలో కలిసింది. 1951లో రోడ్డు రవాణా శాఖ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే మొదలైంది. ఈ నాలుగు తేదీలలో ఏదీ నగర రవాణా గురించి తీసుకున్న నిర్ణయం కాదు. రాజ్యాంగ వ్యవస్థకు అనుగుణంగా రైలు కేంద్రానికి, బస్సు రాష్ట్రానికి చెందాయి. ఫలితంగా ఒకే నగరంలో ఒకే ప్రయాణికుని మోసే రెండు వాహనాలు రెండు వేర్వేరు ప్రభుత్వాలకు జవాబుదారీ అయ్యాయి. తర్వాతి కాలపు ఉద్యమాలన్నీ ఈ చీలికను పూడ్చమని అడిగినవే.

4. పేరులో వాగ్దానం, చట్టంలో సంస్థ

2003 ఆగస్టు 9న మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళ పేరులోనే ‘బహువిధ రవాణా వ్యవస్థ’ అనే అర్థముంది. రాష్ట్ర ప్రభుత్వం, దక్షిణ మధ్య రైల్వే కలిసి చేపట్టిన పథకమిది. విభజన జరిగిన యాభై ఏళ్ళ తర్వాత రైలు, బస్సు ఒకచోట కలుస్తాయన్న ఆశను ఆ పేరు కల్పించింది. అయితే ఈ రైళ్ళు దూరప్రాంత రైళ్ళు నడిచే పట్టాలనే పంచుకోవలసి వచ్చింది. పది నిమిషాలకొక రైలు ఉంటే ప్రయాణికుడు వేళ చూసుకోడు. వేళ చూసుకోవలసి వచ్చినప్పుడు బస్సు ఆలస్యమైతే రైలూ తప్పిపోతుంది. సమీకరణానికి మొదటి షరతు తరచుదనమని ఈ అనుభవం నేర్పింది. ప్రజల వాడుకలో ఆ పేరు అక్షరాలుగానే మిగిలింది. బహువిధత్వం అనే అర్థం జారిపోయి, ‘ఎం.ఎం.టి.ఎస్.’ అంటే ఒక రకం రైలు అయింది.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకన్నా మనుషుల రాకపోకలకు ప్రాధాన్యమివ్వాలని, పెద్ద నగరాలలో ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థలు ఏర్పడాలని సూచించింది. హైదరాబాదు ఈ సూచనను తొలిగా అందుకున్న నగరాలలో ఒకటి. 2008లో మహానగరాభివృద్ధి సంస్థ చట్టంతో పాటు ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ రూపుదిద్దుకుంది. కాని మార్గాలను నిర్ణయించే అధికారం ఆర్టీసీ వద్ద, పట్టాలు రైల్వే వద్ద, రోడ్లు నగరపాలక సంస్థ వద్ద ఉండిపోయాయి. నిధి, సిబ్బంది, చార్జీ నిర్ణయించే హక్కు లేని సమన్వయ సంస్థ సమావేశాలకు వేదిక కాగలదు గాని వ్యవస్థకు కర్త కాలేదు.

5. మెట్రో వివాదం: పౌరుల వాదన

ఈ చరిత్రలో ప్రజావాదన బలంగా వినిపించినది మెట్రో ఒప్పందాల కాలంలో. 2008లో మేటాస్ నేతృత్వంలోని బృందం ప్రభుత్వ సహాయం కోరకపోగా, తానే 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానని ముందుకు వచ్చింది. రవాణా పథకంలో స్థిరాస్తి ప్రయోజనం దాగి ఉందని ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ అదే ఏడాది సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. జూలైలో ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో కొత్త ఒప్పందం కుదిరింది.

ఈ దశలో రెండు స్వరాలు వినిపించాయి. సుల్తాన్ బజార్ వ్యాపారులు, చారిత్రక కట్టడాల పరిరక్షకులు మార్గాన్ని ప్రశ్నించారు. పరిశోధకులు సి. రామచంద్రయ్య, ఆయన సమన్వయకర్తగా ఉన్న ‘సిటిజన్స్ ఫర్ బెటర్ పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ ఇన్ హైదరాబాద్’ వేదిక ప్రాధాన్యాన్నే ప్రశ్నించారు. మేటాస్, మెట్రో, స్థిరాస్తి రాజకీయాల సంబంధాన్ని రామచంద్రయ్య 2009లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో విశ్లేషించారు. వీరిని కేవలం మెట్రో వ్యతిరేకులుగా వర్గీకరించడం సరికాదు. స్టేషను కట్టే స్థలాన్ని ప్రయాణికుని అవసరం నిర్ణయించాలా, భూమి విలువ నిర్ణయించాలా అన్నది వారు లేవనెత్తిన మౌలిక ప్రశ్న. ఆదాయంలో కొంత భాగం స్టేషన్ల వద్ద స్థలాభివృద్ధి నుంచి రావాలన్న నమూనాలో ఆ ప్రశ్నకు ప్రాసంగికత తగ్గలేదు.

2017 నవంబరు 28న మెట్రో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరి 7న జె.బి.ఎస్.–ఎం.జి.బి.ఎస్. మార్గం తెరుచుకోవడంతో మొదటి దశలో 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఫలక్‌నుమా దాకా వెళ్ళవలసిన మార్గం ఎం.జి.బి.ఎస్. వద్ద ఆగింది. పాతబస్తీకి సంబంధించినంతవరకు అనుసంధానమే జరగలేదు. సమీకరణం గురించి మాట్లాడేటప్పుడు మొదట చూడవలసినది ఎవరు వ్యవస్థ బయట మిగిలిపోయారన్నది.

6. టికెట్టు ప్రశ్న

మెట్రో రైలు రాకముందే ఈ నగరంలో ‘మెట్రో’ అనే మాట బస్సుదే. ఆర్టీసీ ‘మెట్రో ఎక్స్‌ప్రెస్’ నేటికీ నడుస్తోంది. ఒకే పేరు పంచుకునే రెండు వాహనాలకు రెండు టికెట్లు కావడం ఈ చరిత్రకంతటికీ సంకేతం.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ ప్రశ్నను మరింత పదునుగా ముందుకు తెచ్చింది. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. మెట్రో రైలుకు, ఎం.ఎం.టి.ఎస్.కు ఇది వర్తించదు. బస్సు దిగి మెట్రో ఎక్కడమంటే ఉచితాన్ని వదులుకొని చార్జీ చెల్లించడమే. త్వరగా చేరాలా, ఖర్చు లేకుండా చేరాలా అన్నది ఇంటిపనికి, కూలికి, చదువుకు వెళ్ళే స్త్రీలు రోజూ చేసుకోవలసిన లెక్క. పథకం విలువను ఇది తగ్గించదు. ఒక వాహనానికే పరిమితమైన సంక్షేమం, వ్యవస్థ విడివిడిగా ఉన్నంతకాలం అసంపూర్ణంగా ఉంటుందని మాత్రం చూపుతుంది.

ఇక్కడ ‘యాజమాన్యాలు వేరైనప్పుడు ఒకే టికెట్టు ఎలా సాధ్యం?’ అన్న ఆక్షేపణ వస్తుంది. 1933 లండను నమూనా యాజమాన్యాలను కలిపింది. కాని 1965లో జర్మనీలోని హాంబర్గులో ఏర్పడిన రవాణా సమాఖ్య సంస్థలను వేరుగానే ఉంచి, చార్జీని ఒకటి చేసి, ఆదాయాన్ని పంచింది. రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్ర సంస్థది, మెట్రో ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టినది అయిన నగరానికి ఈ రెండవ మార్గమే దగ్గరిది. అంటే 1950–51 నాటి విభజనను తిరగదోడనవసరం లేదు. దాని భారాన్ని ప్రయాణికునిపై మోపకుండా సంస్థలే మోయాలి.

ముగింపు

ఈ పరిశీలనలో మూడు విషయాలు తేలుతున్నాయి. హైదరాబాదులో రవాణా విచ్ఛిన్నత స్వభావసిద్ధం కాదు, చారిత్రకం. 1932లో పాలన ఏకీకృతమే గాని ప్రజలకు గొంతు లేదు. 2008 తర్వాత ప్రజలకు గొంతు వచ్చింది గాని పాలన ఏకీకృతం కాలేదు. ఈ రెండింటినీ ఒకే కాలంలో సాధించడమే ఉద్యమాల ముందున్న పని. చివరగా, ఒక సంస్కరణ విజయాన్ని కొత్త మార్గాల పొడవుతో కొలవడం చాలదు. ‘రెండు బస్సులు మారాలి’ అన్న వాక్యాన్ని పలికేవారి గొంతులో విసుగు తగ్గిందా లేదా అన్నదే సరైన కొలమానం. మారవలసింది ప్రయాణికుడొక్కడే అయినంతకాలం వ్యవస్థ మారనట్టే.