పరికరములకు నిద్ర నేర్పిన చరిత్ర

కంప్యూటరులో లెక్కలు చేయు ప్రాసెసరు ఒక్కటే విద్యుత్తును వినియోగించుననుకొనుట సరికాదు. డిస్కు, కెమెరా, ధ్వనిని వినిపించు భాగము, నెట్‌వర్కు కార్డు మొదలైనవన్నియు పని లేనప్పుడు సైతము మేలుకొని ఉన్నచో విద్యుత్తును ఖర్చు చేయుచునే ఉండును. గోడకున్న ప్లగ్గు నుండి విద్యుత్తు వచ్చినంతకాలము ఈ నష్టమును అంతగా పట్టించుకొన్నవారు లేరు. వెంట తీసికొనిపోదగిన కంప్యూటర్లు వచ్చి, బ్యాటరీలో నిలువ ఉన్న దానితోనే పని గడుపుకొనవలసి వచ్చినప్పుడు ఒక ప్రశ్న పుట్టినది: ఏ పరికరము ఎప్పుడు నిద్రించవలెనో నిర్ణయించునది ఎవరు?

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏపీఎమ్ అను ఏర్పాటును ప్రకటించినవి. ఇందులో నిర్ణయాధికారము చాలవరకు బయోస్‌కు ఉండెను. బయోస్ అనగా కర్మాగారములోనే యంత్రమున అమర్చబడు చిన్న ప్రోగ్రాము. మీటలు కొంతసేపు కదలకున్నచో పని లేదని అది ఊహించును గాని, లోపల నడచుచున్న ప్రోగ్రాముల అవసరము దానికి తెలియదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఏసీపీఐ అను కొత్త ప్రమాణమును వెలువరించి, ఆ అధికారమును ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించినవి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడుమ ఉండి, యంత్రమునకును ఇతర ప్రోగ్రాములకును సంధానము కూర్చు భాగము కెర్నెలు. అందులో ఒక్కొక్క పరికరముతో దాని పద్ధతిలో వ్యవహరించు ఖండమును డ్రైవరు అందురు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లండులో ప్రారంభించిన లినక్స్ కెర్నెలునకు 2003 డిసెంబరులో 2.6 అను రూపము వచ్చినది. పాట్రిక్ మోషెల్ అందులో పరికరములన్నిటిని ఒక వంశవృక్షముగా అమర్చెను. మౌసు యూఎస్‌బీ నియంత్రికకు బిడ్డ. ఆ నియంత్రిక తన పైనున్న విద్యుత్ మార్గమునకు బిడ్డ. నిద్రించునప్పుడు బిడ్డ ముందు, తల్లి తరువాత. మేలుకొనునప్పుడు తల్లి ముందు. ఈ వరుస తప్పినచో బిడ్డకు పంపిన ఆజ్ఞకు దారియే ఉండదు. అయితే ఈ ఏర్పాటు ముఖ్యముగా యంత్రమంతయు ఒక్కసారి నిద్రించుటకు ఉపయోగపడెను. యంత్రము పనిచేయుచుండగా, ఊరకయున్న కెమెరాను మాత్రము నిద్రపుచ్చుటకు అన్ని పరికరములకు వర్తించు పద్ధతి లేదు.

దాని అవసరము 2007లో స్పష్టమైనది. అంతవరకు గడియారపు సంకేతము పని ఉన్నను లేకున్నను ప్రాసెసరును సెకనుకు వందలసార్లు లేపుచుండెడిది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 2.6.21 కెర్నెలులో, మొదట 32 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లకు, ఈ అలవాటు మాన్పించిరి. మరుసటి నెలలో ఇంటెల్ వెలువరించిన పవర్‌టాప్ అను ప్రోగ్రాము ప్రాసెసరును ఎవరెవరు లేపుచున్నారో పట్టికగా చూపసాగెను. యూఎస్‌బీ సంగతి ఇందుకు మంచి ఉదాహరణము. నాటి నియంత్రికలు కొన్ని, మౌసు కదలకున్నను, మిల్లీసెకనుకొకసారి జ్ఞాపకశాలను చదువుచుండెడివి. అందువలన ప్రాసెసరుకు గాఢనిద్ర లేకపోయెను. అరచేతిలో ఇమిడే పరికరమొకటి యంత్రమునంతను మేలుకొలిపి ఉంచినదన్నమాట! యూఎస్‌బీ పరికరములను వాటంతట అవియే నిద్రించునట్లు చేయుటకు అలన్ స్టెర్న్ కృషిచేసెను. కాని ఒక్కొక్క విభాగము తనకు తోచిన పద్ధతి వ్రాసికొన్నచో, తల్లిబిడ్డల వరుసను కాపాడుట కష్టము.

2009 డిసెంబరులో వెలువడిన 2.6.32 కెర్నెలులో రఫాయెల్ విసోత్స్కీ రూపొందించిన ఉమ్మడి పద్ధతి చేరినది. దీనిని రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంటు అందురు. దీని సూత్రము సత్రపు కావలివాని లెక్క వంటిది. బాటసారి వచ్చినప్పుడు ఒకటి కూడును. వెళ్ళినప్పుడు ఒకటి తీసివేయును. లెక్క సున్న అయినప్పుడే దీపము ఆర్పును. అట్లే పరికరముతో పని మొదలైనప్పుడు డ్రైవరు లెక్కను పెంచును, ముగిసినప్పుడు తగ్గించును. మేలుకొనియున్న బిడ్డల లెక్క వేరుగా ఉండును. సాధారణముగా రెండును సున్న అయిన పిమ్మటనే తల్లి నిద్రించును. పొయ్యి ఆర్పి, వెంటనే మరల రాజేసినచో కట్టెలు దండుగ. అందుచేత కొంతసేపు వేచి, ఆ పిమ్మట నిద్రపుచ్చు సౌకర్యము 2011 జనవరిలో వచ్చిన 2.6.37లో చేరెను.

ఇదే కాలమున ఆండ్రాయిడ్ ఫోన్లను రూపొందించినవారు వేరొక మార్గము పట్టిరి. ఏ ప్రోగ్రామును తాళము పట్టుకొని ఆపనిచో ఫోనంతయు నిద్రించునట్లు చేసిరి. ఒక ప్రోగ్రాము తాళమును విడువ మరచినచో బ్యాటరీ గతి ఏమని కెర్నెలు నిర్మాతలు ఆక్షేపించిరి. 2009లో మొదలైన ఈ వాదము దీర్ఘకాలము నడచి, 2012 జూలైలో వచ్చిన 3.5 కెర్నెలులో దానికి సమానమైన సౌకర్యము చేరుటతో చల్లబడినది. యంత్రమంతయు నిద్రించుటకు అదియును, ఒక్కొక్క పరికరము నిద్రించుటకు రన్‌టైమ్ పద్ధతియును నిలిచినవి.

లెక్క ఎచ్చట ఉన్నను అది తప్పకుండుటయే ప్రధానము. డ్రైవరు లెక్కను తగ్గించుట మరచినచో పరికరము నిద్రించదు. యంత్రము చక్కగా పనిచేయుచున్నట్లే కనిపించును గాని, బ్యాటరీ త్వరగా తరుగును. అధికముగా తగ్గించినచో పరికరము పని నడుమ నిద్రించును. అప్పుడు దానిని తాకబోయిన యంత్రమే స్తంభించిపోవచ్చును. బయోస్ చేతిలోని ఊహ డ్రైవరు చేతిలో లెక్కగా మారుటయే ఈ చరిత్ర సారాంశము. జేబులోని ఫోను సాయంత్రము వరకు నిలుచుటలో ఆ కూడికలకును తీసివేతలకును కూడ భాగము కలదు.