వీసా అయిపోయిన ప్రోగ్రామరు, వంతుల యుద్ధం

చెల్లి పెళ్ళికని మూడు వారాలు సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. పన్లో పని, పాస్‌పోర్టులో స్టాంపింగు కూడా కానిచ్చేద్దామనుకున్నా. కాన్సులేటులో కిటికీ అవతలాయన నా కాయితాలన్నీ తిరగేసి, ఒక రంగు కాయితం చేతిలో పెట్టి, ఇంకా పరిశీలించాల్సింది ఉంది, కబురు చేస్తాం అన్నాడు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఆ కాయితం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. మూడు వారాల సెలవు కాస్తా పదకొండు వారాలయింది.

క్లయింటు డేటా దేశం దాటకూడదని నిబంధన, కాబట్టి అక్కణ్ణుంచి పని చేయడానికి లేదు. పెళ్ళి భోజనాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. నేను రోజుకి పదిసార్లు వెబ్‌సైటులో నా కేసు నంబరు కొట్టి చూసుకోవడం, మిగతా టైములో ఫోన్లో ఫైనల్ ఫాంటసీ 3 ఆడుకోవడం. "ముప్పయ్యారేళ్ళొచ్చాయి, ఇంకా ఆ బొమ్మలాటేమిట్రా" అని అమ్మ సణుగుడు. ఆ ఆట వెనకాల ఒక వీసా కథ ఉందని అప్పటికి నాకు తెలీదు. తెలిశాక మాత్రం ఆ ఆటని మామూలుగా ఆడలేకపోయాను.

ముందు ఈ ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా చిన్నప్పుడు టీవీ గేమంటే పసుప్పచ్చ క్యాసెట్టు, దాని మీద 9999 ఆటలని అబద్ధం, లోపల మేరియో, కాంట్రా, ఆ రెంటికే పది పేర్లు. అవన్నీ వేళ్ళ వేగంతో ఆడేవి. రాక్షసుడు మీదకొస్తే గెంతాలి, లేటయితే చచ్చావు. ఫైనల్ ఫాంటసీ అలా కాదు. మన నలుగురూ తెర కుడివైపు వరసగా నించుంటారు, రాక్షసులు ఎడమవైపు. నువ్వేం చేస్తావో చెప్పేదాకా వాళ్ళూ కదలరు. కత్తితో కొట్టడమా, మంత్రం వేయడమా, మందు తాగడమా, పారిపోవడమా, ఒక్కొక్కళ్ళకీ ఆజ్ఞ ఇవ్వాలి. మధ్యలో లేచెళ్ళి కాఫీ తాగొచ్చినా ఏమీ కాదు. చదరంగంలోలాగా ఎవరి వంతు వాళ్ళది.

ఈ వంతుల పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, బొమ్మ సైనికులని బల్ల మీద పెట్టి పాచికలతో ఆడే యుద్ధాల్లోంచి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చేశారు. ఒక సైన్యం బదులు ఒక్కో ఆటగాడికీ ఒక్కో పాత్ర. యోధుడో, మాంత్రికుడో, దొంగో. కొద్ది కాలానికే అమెరికా యూనివర్సిటీల్లో పిల్లలు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్ళ ప్లేటో అనే చదువుల సిస్టములో 1975లో వచ్చిన ఒక ఆట పేరు పెడిట్5. పేరు చూసి ఆటనుకునేవాడెవడూ లేడు. పాఠం ఫైలులాగా కనపడాలని అలా దాచారు. అడ్మిన్లు చూసి తుడిచేసేవాళ్ళు, పిల్లలు మళ్ళీ పెట్టేవాళ్ళు. మాస్టర్స్ చేసేప్పుడు ల్యాబు సర్వర్లో సినిమాలు దాచినవాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు.

1981లో కార్నెల్ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ ఆపిల్ టూ మీద విజార్డ్రీ తెచ్చారు. రాసింది పాస్కల్లో. ఆరుగురి జట్టు, అందరికీ ఆజ్ఞలిచ్చాక ఒక్కసారిగా అమలు. రెండేళ్ళ తరవాత యూజీ హోరీ అనే జపాను కుర్రాడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆపిల్ ప్రదర్శనకొచ్చి ఆ ఆటని చూసి మనసు పారేసుకున్నాడు. ఇంటికెళ్ళి దాన్ని పిల్లలక్కూడా అర్థమయ్యేలా చిలికి చిలికి 1986 మే నెలలో డ్రాగన్ క్వెస్ట్ చేశాడు. మొత్తం ఆట 64 కిలోబైట్లు. ఇవాళ మనం ఈమెయిలు కింద అతికించుకునే కంపెనీ లోగో అంత. చోటు చాలక కటకానా లిపిలో అన్ని అక్షరాలూ పెట్టలేదు. ఉన్న అక్షరాలతోనే రాక్షసుల పేర్లూ, మంత్రాల పేర్లూ కూడబలుక్కున్నారు. ఆట సేవ్ చేసుకునే సౌకర్యం లేదు. రాజుగారు ఇరవై అక్షరాల మంత్రం చెప్తే కాయితం మీద రాసుకుని మర్నాడు మళ్ళీ టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నారా, నిన్నటి కష్టమంతా గంగలో కలిసినట్టే.

ఇక్కడ మా ప్రోగ్రామర్లకి ఒక సంగతి తట్టాలి. ఆ ఫామికామ్ పెట్టెలో పని చేసే మెమరీ రెండంటే రెండు కిలోబైట్లు. అందులో తొమ్మిది రాక్షసులు, నలుగురు వీరులు ఒకేసారి తోచినట్టు పరిగెడుతూ ఒక్కొక్కళ్ళు ఒక్కో మంత్రం వేసుకుంటుంటే లెక్క చూడ్డం మాటలు కాదు. వంతులు పెడితే ఒకసారికి ఒకడి లెక్క చాలు. అందుకని చాలామంది వంతుల యుద్ధమంటే పాతకాలం యంత్రాల చేతకానితనం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ అదే పెట్టె మీద మేరియో ఎంత హడావిడిగా పరిగెత్తలేదు! యంత్రానికి వేగం వచ్చు. ఆలోచించుకునే తీరిక కావాలని కోరుకున్నది మనుషులే.

సరే, అసలు మనిషి దగ్గరకొద్దాం. పేరు నాసిర్ జెబెల్లీ. పుట్టింది ఇరాన్లో, 1957లో. కంప్యూటర్ సైన్సు చదువుకోడానికి అమెరికా వచ్చాడు. 1980ల మొదట్లో ఆపిల్ టూ మీద గోర్గాన్, స్పేస్ ఎగ్స్ లాంటి వేగమైన ఆటలు రాసి పేరు తెచ్చుకున్నాడు. తరవాత డూమ్ రాసిన జాన్ రొమేరోకి చిన్నప్పటి ఆరాధ్యదైవం ఈయనే. సొంత కంపెనీ పెట్టాడు గానీ, 1983లో అమెరికాలో ఆటల వ్యాపారం కుప్పకూలినప్పుడు అదీ పోయింది. ఆపిల్ టూలో ఉన్నదీ, ఫామికామ్‌లో ఉన్నదీ ఒకే 6502 వంశపు చిప్పు. అలా జపాన్లో స్క్వేర్ కంపెనీకి పనికొచ్చాడు.

ఆ స్క్వేర్‌లో హిరోనొబు సకగూచి అనే డిజైనరు ఒక పెద్ద కథ ఆట చేద్దామని కూచున్నాడు. జెబెల్లీకి అలాంటి ఆటంటే ఏమిటో కూడా తెలీదట. వాళ్ళు ఏం కావాలో చెప్తే, ఈయన అసెంబ్లీలో రాసిచ్చేవాడు. మన కన్సల్టింగ్ బతుకులే కదా! ఇన్స్యూరెన్సంటే తెలీకుండా నేను ఇన్స్యూరెన్స్ సాఫ్ట్‌వేర్ రాయలేదూ? మొదటి ఫైనల్ ఫాంటసీ 1987 డిసెంబరు 18న వచ్చింది. కంపెనీ రెండు లక్షల కాపీలు చాలనుకుంటే, సకగూచి బతిమాలి నాలుగు లక్షలు చేయించాడు. అవి సరిపోలేదు కూడా.

ఆ కోడు నిండా బగ్గులు. మాంత్రికుడికి తెలివి అని ఒక అంకె ఉంటుంది, అది పెరిగితే మంత్రాల బలం పెరగాలి. పెరగదు. ఆ అంకెని కోడు పట్టించుకోనే లేదు. కత్తి తగిలే గట్టి దెబ్బ అవకాశం లెక్కలో, ఆ కత్తికి రాసిపెట్టిన విలువ బదులు దాని వరస నంబరు వాడేశారు. కత్తికి పదును పెట్టాలని మీదపడే ఒక మంత్రం అసలు పనే చేయదు. లక్షలమంది పిల్లలు ఏళ్ళ తరబడి ఆడారు, ఎవరికీ తెలీలేదు. ప్రొడక్షన్లో ఇలాంటివి చూసినవాడిగా నాకు నవ్వూ, కాస్త ధైర్యమూ కలిగాయి. ఇంకో చిలిపి పని: పడవెక్కి ఒక బటన్ పట్టుకుని ఇంకోదాన్ని 55 సార్లు నొక్కితే, 15 గళ్ళు జరిపే పజిలొకటి ప్రత్యక్షమవుతుంది. ఎవరూ అడక్కపోయినా జెబెల్లీ దాచిపెట్టిందది.

యుద్ధం మాత్రం నిర్దాక్షిణ్యం. నలుగురికీ ముందే ఆజ్ఞలివ్వాలి, ఎవరి వంతు ముందొస్తుందో తెలీదు. ఇద్దరిని ఒకే రాక్షసుడి మీదకి పంపారనుకోండి, మొదటివాడి దెబ్బకే వాడు చస్తే రెండోవాడు గాల్లో కత్తి తిప్పి వస్తాడు. తరవాతి రీమేకుల్లో పక్కవాడి మీదకి మళ్ళేలా మార్చారు గానీ, పాతదాంట్లో మనమే ముందుగా ఊహించుకోవాలి.

ఇహ మూడో ఆట. 1990 ఏప్రిల్లో వచ్చింది. దాని తయారీ మధ్యలో జెబెల్లీ పని వీసా గడువు అయిపోయింది. జపాను వదిలి కాలిఫోర్నియాలో శాక్రమెంటోకి తిరిగొచ్చేయాల్సొచ్చింది. అప్పుడు స్క్వేర్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆయన రాసిన కోడు ఇంకొకడికి అప్పచెప్పలేదు. టీము టీమంతా, కావలసిన యంత్రాలతో సహా విమానమెక్కి శాక్రమెంటో వచ్చి, ఆయన పక్కన కూచుని ఆట పూర్తి చేసుకెళ్ళారు.

ఇది నేను గుంటూర్లో మా డాబా మీద నులకమంచంలో పడుకుని ఫోన్లో చదివాను. అది ఆరోవారం. ఆ పొద్దున్నే మా మేనేజరు దగ్గర్నుంచి మర్యాదగా ఒక మెయిలొచ్చింది: నీ మాడ్యూలు ఫలానావారికి ఇస్తున్నాం, వీలుంటే ఒక గంట కాల్‌లో వివరించగలవా అని.

ఆయన మీద నాకేం కోపం లేదు. డెడ్‌లైన్ ఉంది, నేను లేను. జెబెల్లీ చేతిలో ఉన్న విద్య నా చేతిలో లేదని కూడా తెలుసు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. అంతకు మూడేళ్ళ ముందు మా టీములో ఒకతను ఇలాగే నాన్నకి బాగోలేదని వెళ్ళి ఇరుక్కుపోయాడు. అతని పని నాకిచ్చారు. ఫైళ్ళ పైన వ్యాఖ్యలో అతని పేరుండేది. కోడు శుభ్రం చేస్తున్నానంటూ తీసేసి నా పేరు పెట్టాను. అతనికి ఒక్క ఫోనైనా చేయలేదు.

మొదటి ఫైనల్ ఫాంటసీ కథ ముగింపు ఇక్కడ చెప్పాలి. ఆడబోయేవాళ్ళు ఈ ఒక్క పేరా దాటేయండి. భూమి, నిప్పు, నీరు, గాలి, నాలుగు స్ఫటికాల్లో వెలుగు ఆరిపోతుంది. నలుగురు కుర్రాళ్ళు వాటిని వెలిగించాలి. మొట్టమొదట్లోనే యువరాణిని ఎత్తుకుపోయిన గార్లండ్ అనే వీరుణ్ణి చంపేస్తారు. చివరికి తెలిసేదేమిటంటే, వాడు చచ్చిపోయే ముందు రెండువేల ఏళ్ళు వెనక్కి పంపబడ్డాడు. అక్కడ రాక్షసుడై, తనని వెనక్కి పంపే భూతాలని తనే ముందుకు పంపుతున్నాడు. గిరగిరా తిరిగే లూపు, బయటికొచ్చే కండిషన్ లేదు. ఆ నలుగురూ గతంలోకి వెళ్ళి ఆ లూపుని తెంపుతారు. తెంపాక, ఆ కష్టాలేవీ అసలు జరగనే లేదు కాబట్టి, లోకంలో ఎవరికీ వాళ్ళు చేసిందేమిటో గుర్తుండదు.

సకగూచి తరవాత తరవాత చాలా ఎత్తుకెళ్ళాడు. 1991లో నాలుగో ఆటకి హిరొయూకి ఇటో అనే ఆయన వంతులకి గడియారం కట్టాడు. ఫార్ములా వన్ రేసు చూస్తుంటే ఆ ఊహ వచ్చిందట: ఒక్కో కారుదీ ఒక్కో వేగం, చురుకైనవాడి వంతు ముందొస్తుంది, నువ్వు ఆలోచిస్తూ కూచుంటే శత్రువు ఆగడు. 1997 నాటి ఏడో ఆటలో ఏరిత్ చనిపోయినప్పుడు ప్రపంచమంతా కుర్రాళ్ళు కళ్ళొత్తుకున్నారు. 2023లో పదహారో ఆట వచ్చేసరికి వంతులు పూర్తిగా ఎత్తేశారు. విచిత్రం, అదే ఏడాది వంతుల యుద్ధమున్న బాల్డర్స్ గేట్ 3 ఉత్తమ ఆటగా బహుమతులు పట్టుకుపోయింది. 2025లో ఫ్రాన్సు నుంచి వచ్చిన క్లేర్ ఓబ్‌స్క్యూర్ కూడా వంతుల ఆటే. జెబెల్లీ మాత్రం 1993లో సీక్రెట్ ఆఫ్ మానా అయ్యాక ఆటల ప్రపంచం నుంచి తప్పుకుని, వచ్చిన రాయల్టీలతో దేశాలు తిరిగాడు. ఆయన రాసిన మూడో ఆట జపాను బయట 2006 దాకా ఏ రూపంలోనూ రాలేదు.

ఆ రాత్రి డాబా మీద నుంచే ఆ పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. ఇప్పుడతను పూణేలో వేరే కంపెనీలో ఉన్నాడు. క్షమించమని అడగడానికి మొదలుపెట్టి, తడబడి, ఫైలు పైన పేరు సంగతి చెప్పేశాను. అతను నవ్వి, "అదా అన్నా, ఆ కోడులో తేదీల లెక్క దగ్గర ఒక బగ్గుండాలి, నీకు దొరికిందా?" అన్నాడు. దొరకలేదు. గంటన్నర మాట్లాడుకున్నాం.

పదకొండో వారం పాస్‌పోర్టొచ్చింది. తిరిగొచ్చిన మర్నాడు ఆ మాడ్యూలు నా చేతిలో లేకపోయినా, కొత్తగా తీసుకున్నవాడి అనుమతితో తేదీల బగ్గు సరిచేశాం. వ్యాఖ్యలో ముగ్గురి పేర్లూ పెట్టాం. మొదటి పేరు అతనిదే.