ఫెయిరీ నవలలు: పలాయనమా, జ్ఞాపకమా?

ఫెయిరీలు కనిపించే నవలకు ‘పలాయన సాహిత్యం’ అని ముద్ర వేసి పక్కన పెట్టడం విమర్శకుడికి తేలిక. కాని అన్ని లక్షల మంది వాటిని ఎందుకు చదువుతున్నారన్న ప్రశ్నకు అది సమాధానం కాదు. సమాధానం చరిత్రలో వెతకాలి.

ఐర్లండు పల్లె ప్రజలకు ఫెయిరీ అంటే రెక్కల బొమ్మ కాదు, భయం. పురాతన మట్టిదిబ్బల్లో కాపురముండే ఆ జాతి పసిబిడ్డలనూ బాలింతలనూ ఎత్తుకుపోయి, వారి స్థానంలో మారుమనుషులను పెడుతుందని నమ్మేవారు. కారణం తెలియని జబ్బుకూ చావుకూ పేదవాడు చెప్పుకున్న వివరణ అది. అది క్రూరమైన నమ్మకం కూడా. 1895లో టిప్పరరీ కౌంటీలో బ్రిజెట్ క్లియరీ అనే స్త్రీని, ఆమె తన భార్య కాదు, మారుమనిషి అంటూ భర్తే నిప్పుకు బలిచేశాడు. అంతకు ఏడేళ్ళ ముందు, 1888లో, కవి యేట్స్ ఐరిష్ రైతుల ఫెయిరీ కథలను సంకలనం చేశాడు. ఆ పుస్తకం అచ్చయింది లండన్‌లో. పల్లెకు భయమైనదే నగర పాఠకుడికి సౌందర్యమయింది.

ఈ మార్పుకు భౌతికమైన పునాది ఉంది. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండు పార్లమెంటు వేలాది చట్టాలతో ఉమ్మడి భూములకు కంచెలు వేయించింది. 1851 జనాభా లెక్కల నాటికి పట్టణవాసులు సగానికి మించారు. గుట్టా వాగూ అడవీ చేజారినవాడికి, వాటికి కావలి ఉన్న జాతి మీద మమకారం పుట్టడంలో వింత లేదు.

ఉత్తమ రచయితలు ఆ మమకారాన్ని పంచదార పాకంలో ముంచలేదు. హోప్ మిర్లీస్ 1926లో రాసిన ‘లడ్ ఇన్ ది మిస్ట్’లో, డ్యూకును కూలదోసి వచ్చిన వర్తక వర్గం ఫెయిరీ పండు పేరెత్తడమే అసభ్యమంటుంది, చట్టం దృష్టిలో దాన్ని పట్టుబట్టగా లెక్కిస్తుంది. అయినా పండు దొంగచాటుగా ఊళ్ళోకి వస్తూనే ఉంటుంది. సుసన్నా క్లార్క్ 2004 నాటి ‘జోనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’లో ఫెయిరీ దొర మనుషులను రాత్రిళ్ళు తన మేడకు రప్పించి ఆడిస్తాడు. అలా చిక్కినవారిలో ఒకడు స్టీఫెన్ బ్లాక్, బానిస స్త్రీకి పుట్టిన నల్లజాతి సేవకుడు. చివరకు ఆ దొరను చంపి రాజ్యం చేపట్టేది అతడే.

ఈ నవలల ఆకర్షణ మాయలో లేదు. తన దగ్గర్నుంచి ఎవరో ఏదో లాక్కున్నారన్న పాఠకుడి ఎరుకలో ఉంది. ఫెయిరీలోని భయాన్ని తీసేసి అందాన్ని మాత్రమే అమ్మే నవల ఆ ఎరుకను జోకొడుతుంది. భయాన్ని నిలబెట్టిన నవల, లాక్కున్నదెవరో అడిగిస్తుంది. విమర్శ చూడవలసిన తేడా ఇదే.