బట్టమేక పిట్ట: మన ఊరి పక్కన మనం చూడని చుట్టం



మనది బట్ట మీద బతికే పేట. తెలుగులో బట్ట అనే మాటతో మొదలయ్యే పేరున్న పిట్ట ఒకటుంది, బట్టమేక పిట్ట. మరాఠీవాళ్లు దాన్ని మాళ్‌ఢోక్ అంటారు. మాళ్ అంటే రాళ్లు, గడ్డి తప్ప మరేమీ కనిపించని మెట్ట నేల. మన మగ్గాల చప్పుడు దాటి బార్షీ రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు పోతే నాన్నజ్ వస్తుంది. ఈ పిట్ట కోసం ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి వచ్చేవారు. మనలో ఎంతమందిమి వెళ్లాం?

ఈ పిట్ట మన ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇప్పుడు మిగిలినవి దాదాపు అన్నీ మన దేశంలోనే ఉన్నాయి, అవీ 150 లోపేనని అంచనా. మగపిట్ట మీటరు ఎత్తుంటుంది, 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపిట్ట గూడు కట్టదు. నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ ఒక్కటీ కుక్క పాలైతే ఆ ఏటి సంతానం పోయినట్టే. జాతీయ పక్షిగా దీన్నే పెట్టాలని సలీం అలీ కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

1972 కరువు మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ దశాబ్దంలోనే కరువు పీడిత ప్రాంతాల పథకం కింద కాపాడిన గడ్డి బీళ్లు నాన్నజ్ దగ్గర ఈ పిట్టకు ఆసరా అయ్యాయి. 1979లో ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించింది. విస్తీర్ణం 8,496 చదరపు కిలోమీటర్లు! సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాల్లోని ఊళ్లు, రోడ్లు, రైతుల సొంత పొలాలు అన్నీ అందులోకి వచ్చాయి. భూమి అమ్ముకోవాలన్నా, ఏదైనా కట్టుకోవాలన్నా చిక్కులే. దాంతో జనానికి పిట్ట మీదే కోపం వచ్చింది. చాలా ఏళ్లకు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, హద్దులు సుమారు 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గాయి.

ఈలోగా నేల కూడా మారిపోయింది. భీమా నది మీద ఉజనీ ఆనకట్ట వచ్చింది, కాలువ నీళ్లు వచ్చాయి, జొన్న చేలు పోయి చెరకు వచ్చింది. రైతు బాగుపడ్డాడు, దాన్ని తప్పు పట్టలేం. కానీ ఈ పిట్ట దూరం నుంచి శత్రువును చూసి తప్పించుకునేది, దానికి ఖాళీ నేల కావాలి. మనిషెత్తు చెరకులో బతకలేదు. పైగా కరెంటు తీగలు. దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు. బరువైన ఒళ్లు, చివరి క్షణంలో పక్కకు తిరగలేదు.

మన తెలుగు నేల మీదా ఇదే కథ. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో దీనికోసం అభయారణ్యం పెట్టారు. అక్కడా పిట్టలు తరిగిపోయాయి. ఇప్పుడు ఆశంతా రాజస్థాన్ మీదే. 2019 నుంచి జైసల్మేర్ దగ్గర గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు.

మన చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంకో ఊళ్లో నేసినదాన్ని సోలాపూర్ చద్దరు అనకూడదు. అయినా మగ్గం ఆగితే మళ్లీ నడపొచ్చు, పని తెలిసిన చేతులుంటే చాలు. ఈ పిట్ట పోతే మళ్లీ నేసేవాళ్లెవరూ లేరు.

ఇందులో మన తప్పు కూడా ఒకటుంది. ఊళ్లు వదిలి మగ్గాల కోసం ఇక్కడికి వచ్చినవాళ్లం, ఆ మెట్టను చూసి పనికిరాని బంజరు అనుకున్నాం. వానాకాలం వస్తే సంఘాలన్నీ మొక్కలు నాటుతాయి, మనమూ నాటుతాం. మంచి పనే. కానీ మాళ్ మీద చెట్లు నాటితే గడ్డి పోతుంది, గడ్డిని నమ్ముకున్న పిట్టా, జింకా పోతాయి. అందుకే ఈసారి మన మొక్కలు పేటలో, బడుల్లో, రోడ్ల పక్కన నాటుదాం. మాళ్‌ను మాళ్‌గానే వదిలేద్దాం.

మీ ఇంట్లో తాతలు, నానమ్మలు ఎవరైనా ఈ పిట్టను చూసి ఉంటే అడిగి రాసి పెట్టండి. అది కూడా మన పేట చరిత్రే.